గాజు మీద తేదీ

బైండింగు షాపు,
ఫిబ్రవరి 20

చిన్నోడికి,

అక్క రాస్తున్నాను. నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. బాగోలేకపోయినా చెప్పే రకం కాదు గనక అలా అనుకోవడమే నాకు సుఖం. ఫోన్ చేస్తే అటు నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, ఇటు నేను గొంతు చించుకోవడం, మధ్యలో వీధి వీధంతా మన ఇంటి సంగతులు వినడం. ఆ బాధ లేకుండా ఉత్తరాలే నయం. డ్రిల్లింగ్ మెషీన్లు నీ చెవులు తినేశాయి గానీ, వాటి పుణ్యాన నా చేతిరాత బాగుపడింది.

సంగతేమిటంటే, షాపులో కటింగ్ మెషీన్ వెనక గోడకి పగులు వచ్చింది. రెండేళ్ల కిందట మెషీన్ కోసమని నడిమి గోడ తీసేసి ఇనప దూలం వేశావు కదా, ఆ దూలం చివర గోడలోకి దిగే చోట మొదలైంది. అక్కణ్ణుంచి ఏటవాలుగా కిందికి పాకింది. మొన్నటిదాకా వెంట్రుకంత. ఇప్పుడు నా గోరు దూరుతోంది. మీ బావని అడిగితే, "పాత బిల్డింగు. నీకూ నాకూ ముఖాన గీతలు పడలేదా?" అన్నారు. ఆయనకి అన్నీ అలాగే ఉంటాయి. కాస్త సిమెంటు పూసేస్తే కనపడదట.

నాకు మాత్రం కనపడుతూనే ఉంటుంది. ఎందుకంటే సరిగ్గా దాని పైనే బుజ్జమ్మ గది. అల్లుడు ట్యాంకర్ వేసుకుని వారానికి అయిదు రోజులు ఊళ్లు తిరుగుతాడు, పిల్ల ఒక్కతే ఉంటుంది. దాని పై అంతస్తులో టైపు మాస్టారూ, ఆయన భార్యా, ఇద్దరు పిల్లలూ. అన్నిటికంటే పైన బిల్డింగు ఓనరు, మన పెద్దావిడ. మాకు ఎవరూ చోటివ్వని రోజుల్లో ఈ షాపు ఇచ్చిన మనిషి.

ఇంకో మాట, ఎవరికీ చెప్పకు. బుజ్జమ్మకి మూడో నెల. ముందు రెండుసార్లూ ఏమైందో నీకు తెలుసు. అందుకే ఈసారి గట్టిగా సంతోషించడానికి కూడా భయంగా ఉంది.

పగులుకి ఏం చెయ్యాలో రాయి.

అక్క


వంతెన పని, మేస్త్రీల షెడ్డు,
ఫిబ్రవరి 28

అక్కకి,

బుజ్జమ్మ సంగతి చదివి షెడ్డులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మావాళ్లు పిచ్చి పట్టిందనుకున్నారు. పని నేర్చుకునే రోజుల్లో దాన్ని భుజాన కూర్చోబెట్టుకుని ఇటుకలు లెక్కపెట్టించేవాణ్ణి. ఇప్పుడు దానికో బిడ్డ. జాగ్రత్తగా చూసుకో.

ఇక పగులు. బావ మాట విని సిమెంటు పూయకు. పూస్తే పగులు పోదు, మన కంటికి కనపడకుండా పోతుంది, అంతే. పగుళ్లు రెండు రకాలు. గోడ ఎప్పుడో ఒకసారి సర్దుకుని ఆగిపోతే వచ్చేది ఒకటి, దానితో ఏ భయమూ లేదు. గోడ ఇంకా కదులుతుంటే వచ్చేది రెండోది. ఏది ఏదో కళ్లతో చూసి నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. దానికో పద్ధతుంది.

సన్నటి గాజు ముక్కలు తీసుకో, వేలంత పొడవుంటే చాలు. పగులుకి అడ్డంగా ఒకటి పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అటూ ఇటూ గోడకి అతికించు. ఆరాక దాని మీద ఆ రోజు తేదీ రాయి. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. కాగితం మందం కదిలినా చిట్లుతుంది. గాజు అబద్ధం చెప్పదు. మెషీన్ వెనక ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, బుజ్జమ్మ గది మూల ఒకటి పెట్టు.

ఒక్కటి గుర్తుంచుకో. నీ చేతికి దొరికేది నీ బైండింగు జిగురే, అది మాత్రం వాడకు. జిగురు సాగుతుంది. గోడ కదిలినా దానితో పాటు సాగి గాజుని కాపాడేస్తుంది. పుస్తకం వీపుకి అది మంచిదే, గోడకి కాదు.

రెండు వారాలకోసారి గాజులు ఎలా ఉన్నాయో రాయి. దూలం చివర సున్నం గానీ రాలుతోందా? ఊరికే అడిగాను.

చిన్నోడు


బైండింగు షాపు,
మార్చి 22

చిన్నోడికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఫొటో ఫ్రేముల షాపతను మిగిలిపోయిన గాజులోంచి అరడజను ముక్కలు కోసిచ్చాడు. సిమెంటు కలపడం నాకు రాదని మీ బావ వెక్కిరించారు గానీ, నలభై ఏళ్లుగా జిగురు కలిపేదాన్ని, సిమెంటు ఒక లెక్కా? మూడు చోట్లా అతికించి, మీద "మార్చి 8" అని గుండ్రంగా రాశాను. రెండు వారాలైంది, మూడూ నిక్షేపంగా ఉన్నాయి. దూలం చివర కాస్త సున్నం రాలుతోంది, రోజూ చీపురుతో ఊడుస్తున్నాను. మెషీన్ కత్తి కాగితాల దొంతర మీదికి దిగినప్పుడల్లా గోడ "ఊఁ" అంటుంది, అది ముందు నుంచీ ఉన్నదే.

టైపు మాస్టారు మెట్లు దిగుతూ చూసి, "గోడకి కళ్లద్దాలు పెట్టారేంటమ్మా?" అన్నారు. "వయసు మీద పడింది, దానికి చూపు ఆనడం లేదట" అన్నాను. ఆయన నవ్వుతూ వెళ్లిపోయారు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు, కర్ర ఆనించుకుని నిలబడి అడిగింది. తేమ ఎంతుందో చూడ్డానికని చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకే తెలియదు, నోటికి అదే వచ్చింది.

బుజ్జమ్మ బాగుంది. కొత్తగా పుల్లమామిడి కాదు, పచ్చి బియ్యం నములుతోంది. తిడితే మావయ్యకి రాసి చెప్తానంటోంది. నువ్వేదో పెద్ద జడ్జివైనట్టు.

అక్క


బైండింగు షాపు,
ఏప్రిల్ 14

చిన్నోడికి,

తొందరలో రాస్తున్నాను. తొమ్మిదో తారీఖున బుజ్జమ్మకి రక్తం కనపడింది. డాక్టరమ్మ ఇంటికే వచ్చి చూసింది. బిడ్డ క్షేమంగానే ఉంది గానీ, కాన్పయ్యేదాకా పిల్ల మంచం దిగడానికి వీల్లేదంది. మెట్లు దిగకూడదు. బండి ఎక్కకూడదు. ఒక్క కుదుపు కూడా తగలకూడదు. "ఈసారి కూడా పోగొట్టుకుంటే ఇక ఆశ పెట్టుకోకండి" అని నా మొహం మీదే చెప్పింది.

మంచం కిటికీ పక్కకి జరిపాం. తిండీ, స్నానమూ, అన్నీ అక్కడే. నేను రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగుతున్నాను, మోకాళ్లు తిడుతున్నాయి. అల్లుడు సెలవు దొరక్క ఫోన్లోనే ఏడుస్తున్నాడు.

గాజులు మూడూ బాగానే ఉన్నాయి.

అక్క


వంతెన పని, మేస్త్రీల షెడ్డు,
ఏప్రిల్ 22

అక్కకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు ఆ చివరి లైను చిట్టచివర రాశావు, నేను ముందు దాన్నే చదివాను. చదివాక గానీ అన్నం సయించలేదు. బుజ్జమ్మ సంగతి ఆ తర్వాత చదివాను. ఇలా రాయడానికి నాకే సిగ్గుగా ఉంది, ఏమనుకోకు.

అది మొండిది, గట్టిగా నిలబడుతుంది. చిన్నప్పుడు పరంజా మీంచి పడి లేచి, ముందు నన్నే ఊరడించిన పిల్ల.

బావతో ఒక మాట చెప్పు. మెషీన్‌లో ఒకేసారి అంత దొంతర పెట్టి కొయ్యొద్దని. సగం సగం పెట్టుకోమను. మెషీన్‌కే మంచిదని చెప్పు. గోడ మాట ఎత్తకు, ఎత్తితే వినడు. ఆ దూలం గురించి నీకొకటి రాద్దామనుకున్నాను. పోనీలే, గాజులు బాగున్నాయి కదా, ఇప్పుడెందుకు.

మర్చిపోకుండా రాస్తూ ఉండు. నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు పని మీద చెయ్యి కుదురుతుంది.

చిన్నోడు


బైండింగు షాపు,
మే 18

చిన్నోడికి,

ఈసారి తీరిగ్గా రాస్తున్నాను, తీరిక ఉండి కాదు, నీతో నాలుగు మాటలాడాలనిపించి. స్కూళ్లకి రిజిస్టర్లు కుట్టే పెద్ద ఆర్డరు వచ్చింది. మీ బావ మనిషే మారిపోయారు, పొద్దున్నించీ మెషీన్ దగ్గరే. సగం సగం పెట్టమంటే, "మీ తమ్ముడు వంతెనలు కట్టుకోమను, కాగితాలు నేను కోస్తాను" అన్నారు. బుజ్జమ్మ కూడా ఊరుకోవడం లేదు. పడుకునే, గుండెల మీద అట్ట పెట్టుకుని, మడత పెట్టిన కాగితాల ఫారాలు కుడుతోంది. నా కన్నా కుట్టు సన్నగా వస్తోంది దానికి, పైకి అనను గానీ.

బిడ్డ కదులుతోంది. నా చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టుకుంది. కింద మెషీన్ కత్తి దిగినప్పుడల్లా లోపల ఉలిక్కిపడుతోందట. "తాతయ్య నిద్ర పోనివ్వడం లేదు" అని నవ్వుతోంది. నేనూ నవ్వాను.

పెద్దావిడ పైనుంచి పాత చీరలు పంపింది, పొత్తిళ్లకి పనికొస్తాయని. ఒక్కొక్కటీ ఉతికి, మడిచి, ఎంత మెత్తగా ఉన్నాయో.

నీ గాజుల గురించి బెంగపడకు. మెషీన్ వెనకది నిన్న అతికించినట్టే తళతళలాడుతోంది. మార్చి 8 అని ఈ బల్ల దగ్గర కూర్చునే చదవొచ్చు.

అక్క


వంతెన పని, మేస్త్రీల షెడ్డు,
మే 26

అక్కకి,

ఒక్క మాట అడుగుతాను.

నీ షాపులో చెంబుడు నీళ్లు మూత లేకుండా ఒక పూట పెడితే మీద కాగితం పొడి తెట్టె కడుతుంది. నేను అక్కడ పనిచేసిన వారం రోజులూ తుమ్ముతూనే ఉన్నాను. అలాంటి చోట, మెషీన్ వెనక, పది వారాలు గోడనున్న గాజు తళతళలాడదు. తుడిచానని రాయకు. తుడిస్తే సిరా పోతుంది, తేదీ ఉండదు.

అది ఎన్నో గాజు?

చిన్నోడు


బైండింగు షాపు,
జూన్ 2

తమ్ముడూ,

మూడోది.

మొదటిది పగిలింది. తీసేసి, రెండోది పెట్టి, మీద పాత తేదీయే రాశాను. అదీ పగిలింది. మూడోది పగల్లేదు, అది మాత్రం నిజం. ఎందుకంటే దాన్ని నా జిగురుతో అతికించాను. నువ్వు వద్దన్నావు గనకే అది గుర్తొచ్చింది. గాజు బాగుందని నీకు రాసేటప్పుడు ఈసారి అబద్ధం రాయక్కర్లేకుండా ఉంటుందని అలా చేశాను. ఇంత తెలివి నాకెక్కడిదో చూడు.

మొదటిది ఎప్పుడు పగిలిందని అడక్కు.

పగులులో ఇప్పుడు గోరు కాదు, అట్ట ముక్క దూరుతోంది. బుజ్జమ్మ గది తలుపు కింద రాసుకుంటోంది, మీ బావ చిత్రిక పట్టి సరిచేశారు. నేను ఎవరికైనా చెప్తే బిల్డింగుల ఆఫీసు వాళ్లు వస్తారు, బిల్డింగు ఖాళీ చేయిస్తారు, పిల్లని మంచం మీంచి లేపాలి. ఆ ఇరుకు మెట్ల మీంచి దించాలి. డాక్టరమ్మ ఏమందో నీకు రాశాను కదా. ఏడో నెల వచ్చింది. ఎనిమిదో నెల నిండితే భయం సగం తగ్గుతుందట. అంతవరకే. అంతవరకే నోరు మూసుకుందామనుకున్నాను.

టైపు మాస్టారి పిల్లలిద్దరూ మెట్ల మీద ధడధడా దూకుతూ దిగుతారు. ఆ చప్పుడు వింటే చేతిలో పని వదిలేసి గోడకేసి చూస్తాను. ఆ ఇద్దర్నీ ఒక పక్క, ఇంకా పుట్టని బిడ్డని ఒక పక్క పెట్టి చూసుకున్నాను తమ్ముడూ. నేను ఎటు మొగ్గానో నీకు తెలుసు. తప్పని తెలిసే మొగ్గాను. పొద్దున ఆ పిల్లలు "అమ్మమ్మా, వెళ్లొస్తాం" అంటే వాళ్ల మొహం చూడలేకపోతున్నాను.

నువ్వు ఎవరికీ రాయకు. నీ కాళ్లు పట్టుకుంటాను. ఇంకొన్ని వారాలు.

అక్క


వంతెన పని, మేస్త్రీల షెడ్డు,
జూన్ 7

అక్కకి,

నిన్ను తిట్టడానికే కాగితం తీశాను. నాలుగు లైన్లు రాసి చింపేశాను. తిట్టే హక్కు నాకు లేదు.

ఆ నడిమి గోడ అడ్డుగోడ కాదు. పైనున్న మూడు అంతస్తుల బరువు మోసే గోడ. బావ పెద్దావిడతో "పలకంత అడ్డుగోడ, తీసేస్తే గాలి ఆడుతుంది" అని ఒప్పించాడు. నేనూ అలాగే అనుకుని మొదలుపెట్టాను. రెండో సమ్మెట దెబ్బకే తెలిసిపోయింది, లోపల ఇటుక రెండు వరసలుగా ఉంది. అప్పుడే ఆపాల్సింది. ఆ బరువుకి నేను వేసినదానికి రెట్టింపు దూలం కావాలి, అది తెప్పించాలంటే నాలుగు రోజులు పడుతుంది. మెషీన్ మర్నాడే దిగుతోంది. బావ ఆగనని అనలేదు. నేనే ఆగుదామనలేదు. వాడికి చేతకాదు అని బావ ఎక్కడ అంటాడోనని, వేరే పనిలో మిగిలిన దూలం తెచ్చి ఎత్తేశాను. రెండేళ్ల నుంచి నీ ప్రతి ఉత్తరంలోనూ ముందు ఆ గోడ మాటే వెతుకుతాను. గాజులు పెట్టమన్నది నీ ధైర్యం కోసం కాదు, నా ధైర్యం కోసం.

ఇప్పుడు నేను చెప్పేది చెయ్యి. ఈ ఉత్తరం చదివిన వెంటనే మెషీన్ ఆపించు. దూలం కింద గట్టి దుంగలు నిలబెట్టించు. అందరికీ చెప్పి, అందర్నీ దించు. బుజ్జమ్మని కూడా. మంచంతో సహా మోయించు. స్టోరు గుమాస్తా చేత నిన్న బావకి ఫోన్ చేయించాను. "మీ మేస్త్రీకి చెవులే అనుకున్నాను, బుర్ర కూడా పోయిందా?" అని పెట్టేశాడట. అందుకే బిల్డింగుల ఆఫీసుకి కూడా ఈరోజే రాశాను, గోడ తీసింది నేనేనని నా పేరు పెట్టి. వాళ్లు వచ్చేదాకా ఆగకు. నీ నోటితో నువ్వే చెప్పు, అక్కా.

ఈ ఉత్తరం రాసే బదులు బస్సెక్కి రావచ్చు. రెండుసార్లు స్టాండు దాకా వెళ్లాను. ఆ దూలం కింద నిలబడి తలెత్తి చూడ్డానికి ధైర్యం చాలక వెనక్కి వచ్చాను. నీకు చెప్పకుండా ఉండలేక చెప్తున్నాను.

చిన్నోడు


ఆసుపత్రి ఎదురుగా, అద్దె గది,
జూన్ 29

తమ్ముడూ,

నీ ఉత్తరం పదకొండో తారీఖు పొద్దున వచ్చింది. చదివి, మడిచి, నేరుగా పైకెక్కాను. ముందు టైపు మాస్టారికి చెప్పాను. గాజులు మార్చిన సంగతితో సహా చెప్పాను. ఆయన పిల్లలిద్దర్నీ చెరో చంకన ఎత్తుకుని, చెప్పులైనా వేసుకోకుండా నన్ను దాటుకుని దిగిపోయారు. పెద్దావిడ, "ఈ ఇల్లు నాకంటే చిన్నది, నా కంటే ముందు పడదు" అని మొండికేసింది. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చాం. వీధిలో దింపాక అడిగింది, "ఆ రోజు తేమ అన్నావు కదూ?" అని.

బుజ్జమ్మ మంచాన్ని ఆరుగురు పట్టారు. మలుపు దగ్గర మంచం పట్టలేదు, ఏటవాలుగా ఎత్తాల్సి వచ్చింది. పిల్ల అరవలేదు, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నన్నే చూస్తూ దిగింది. ఆ సాయంత్రమే నొప్పులు మొదలయ్యాయి. పదమూడున ఆడపిల్ల పుట్టింది. నా అరచెయ్యి అంత మొహం. రెండు రోజులు ఉంది.

బిల్డింగు పడలేదు.

అలాగే నిలబడి ఉంది. పద్దెనిమిది రోజులైంది. ఆఫీసు నుంచి ఇద్దరొచ్చి, దూలం కింద రెండు దుంగలు పెట్టించి, తలుపు మీద కాగితం అతికించి, ఇంజనీరు వచ్చి చూస్తాడని చెప్పి వెళ్లారు. ఆయన ఇంతవరకూ రాలేదు. కాగితం ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. మీ బావ నాలుగో రోజు నుంచే వెనక తలుపు తీసుకుని వెళ్లి మెషీన్ నడుపుతున్నారు, ఆర్డరు పూర్తి చెయ్యాలట. ఆ బిడ్డని తీసుకెళ్లిన రోజు తప్ప ఆగలేదు. ఆయన ఏడవడం నేను చూడలేదు, మెషీన్ చప్పుడు మాత్రం వీధి చివరికి వినపడుతోంది. అది చూసి అందరికీ ధైర్యం వచ్చింది. చుట్టాల ఇళ్లలో ఎన్నాళ్లుంటారు? పదో తారీఖు శుక్రవారం అందరూ సామాన్లతో తిరిగి చేరిపోతున్నారు.

దిగిన రోజు నేనొక పని చేశాను. మెషీన్ వెనక జిగురు గాజు పీకేసి, కొత్తది సిమెంటుతో అతికించి, నిజం తేదీ రాశాను. మొన్న బట్టలకని లోపలికెళ్లి చూస్తే అది నిలువునా పగిలి ఉంది. చూడగానే నాకేమనిపించిందో చెప్తే నువ్వు నన్ను అసహ్యించుకుంటావు. సంతోషం వేసింది. పిల్లని దించింది ఊరికే కాదు, నేను చెప్పింది నిజమే, ఇదిగో సాక్ష్యం అనుకున్నాను. ఇల్లు కూలబోతోందంటే సంతోషపడే మనిషినయ్యాను.

ఆ ముక్కలు పట్టుకుని టైపు మాస్టారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చేతిలోకి తీసుకుని చూసి మెల్లగా తిరిగిచ్చారు. "పగిలినవాటిని బాగున్నాయన్నారు. బాగున్నదాన్ని పగలగొట్టి తేలేదని ఏమిటి నమ్మకం, అమ్మా?" అన్నారు. కోపంగా కూడా కాదు.

ఇంకొకటి మిగిలింది. నీకు కిందటి ఉత్తరంలో రాయనిది. పగిలిన ముక్కలు పారెయ్యడం నాకు చేతకాలేదు. ఏ కాగితమూ పారెయ్యని అలవాటు కదా, పొట్లం కట్టి, ఏ రోజు పగిలిందో పైన రాసి పెట్టుకున్నాను. ఆసుపత్రికి తెచ్చిన సంచిలో బుజ్జమ్మకి ఆ పొట్లం దొరికింది. మొదటి దాని మీద ఏప్రిల్ 3 అని ఉంది. రక్తం కనపడింది తొమ్మిదిన. ఆ మధ్య ఆరు రోజులున్నాయి, తమ్ముడూ. ఆ ఆరు రోజులూ మీ బావ ఆగమన్నారని ఆగాను, ఆర్డరు మాట ఖాయం కావాలని. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. ఈలోగా తొమ్మిదో తారీఖు వచ్చేసింది.

అది ఆ కాగితం నాకు చూపించి, "ఆ రోజు నేను నీకోసం బజారుకెళ్లి సూదులు తెచ్చాను. నా కాళ్ల మీద మెట్లు దిగాను" అంది. అంతే. అప్పట్నించీ నన్ను ఏమీ పిలవడం లేదు. ఏదైనా కావాలంటే గోడకేసి చూసి చెబుతుంది.

శుక్రవారం వాళ్లు లోపలికి వెళ్లిపోతారు. నేను చెప్తే ఎవరూ వినరు. ఏం చెయ్యను?

అక్క


వంతెన పని, మేస్త్రీల షెడ్డు,
జూలై 4

అక్కకి,

చదివాను. రెండు రోజులు పనిలోకి వెళ్లలేదు. ఆ పసిపిల్లని నేను కళ్లతో కూడా చూడలేదు, అయినా చంపినవాళ్లలో నేనూ ఉన్నాను. నీ ఆరు రోజులకి ముందు నా రెండేళ్లున్నాయి.

ఈ ఉత్తరం వెనకే వస్తున్నాను. గురువారం దిగుతాను. అందరి ముందూ నిలబడి గోడ ఎలా తీశానో చెప్తాను. నన్ను ఏం చేసుకుంటారో చేసుకోనీ. బావ కొట్టినా పడతాను.

గాజు ఇంకొకటి పెడదాం. దాన్ని నువ్వు ముట్టుకోకు, నేనూ ముట్టుకోను. మన చేతులకి నమ్మకం పోయింది. బుజ్జమ్మని అడుగుదాం. సిమెంటు అదే కలపాలి, అదే అతికించాలి, తేదీ దాని చేతిరాతతోనే ఉండాలి. అడగడానికి నాకు నోరు రాదు, అయినా అడుగుతాను. అది పరంజా మీంచి పడి నన్ను ఊరడించిన పిల్ల.

చిన్నోడు


గేటు దగ్గర, నీ వెనకే,
శుక్రవారం

చిన్నోడా,

నువ్వు మాస్టారికి దూలం సంగతి చెప్తున్నావు, నేను పిలిస్తే నీకు వినపడదు. అందుకే ఈ అట్ట ముక్క మీద రాస్తున్నాను.

ఇప్పుడే లోపల టిక్కుమంది. కిటికీలోంచి గోడనే చూస్తున్న బుజ్జమ్మ కళ్ల ముందే, అది నిన్న రాసిన తేదీ మధ్యలోంచి గాజు చిట్లింది. మీ బావ మెషీన్ ఆపేసి బయటికొచ్చారు. ఆయన మొహం ఎప్పుడూ అలా చూడలేదు. లోపలికి వెళ్లబోయినవాళ్లంతా వీధిలోనే ఆగిపోయారు, లెక్కపెట్టాను. పెద్దావిడ లేదు. పొద్దున్నే అందరికంటే ముందు పైకి చేరిందట. పిలిస్తే పలకడం లేదు. తేమ అని ఆవిడకి చెప్పింది నేను. నేనే ఎక్కాలి.

గుమ్మానికి అడ్డంగా నిలబడు. ఎవర్నీ రానివ్వకు, ముఖ్యంగా మీ బావని.

ఈ ముక్క నీకు బుజ్జమ్మ ఇస్తుంది. నేను మెట్ల వైపు కదలగానే నా చెయ్యి పట్టుకుని "అమ్మా, వద్దు" అంది. అమ్మా అంది. విన్నాను, చెయ్యి విడిపించుకున్నాను.

అక్క